ఇంజను పాడైతే పూచీ ఎవరిది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలు గిలకలదిండి రేవులో, నాగాయలంక వైపు బోట్లు కట్టేసి వుంటాయి. వాటి ఇంజన్లు మాత్రం షెడ్లలో విప్పి వుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే గుడివాడ, పామర్రు, చల్లపల్లి వైపు రైతులు దమ్ముకు ట్రాక్టర్లను సిద్ధం చేయించుకుంటారు. కాలువ నీరు సరిగా అందని శివారు భూముల వాళ్ళు ఆయిలింజన్లను బాగు చేయిస్తారు. బందరు, గుడివాడ, అవనిగడ్డ షెడ్లలో మే నెలాఖరున కాలు పెట్టడానికి చోటు వుండదు. ఒక మెకానిక్కు, ఇద్దరు కుర్రాళ్ళు, అరడజను ఇంజన్లు. వచ్చిన ప్రతి యజమానీ 'నాది ముందు' అనేవాడే. పొరపాటు జరగడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు.

జరిగిన పొరపాటు షెడ్డులో బయటపడదు. తిప్పితే ఇంజను పలుకుతుంది. పొగ కూడా సక్రమంగానే వుంటుంది. డబ్బు ఇచ్చి తెచ్చుకుంటారు. సంగతి తెలిసేది సగం మడి దమ్ము అయ్యాక, లేదా ఒడ్డు కంటికి ఆననంత దూరం పోయాక. ముందు టకటకమని చప్పుడు, తరువాత వేడి వాసన, ఆ వెనుక ఇంజను బిగుసుకుపోవడం. పొలంలో అయితే ట్రాక్టరు అక్కడే నిలిచిపోతుంది. సముద్రంలో అయితే లంగరు వేసి ఇంకో బోటు కోసం ఎదురు చూడాలి. గాలి తిరిగితే బోటులో వున్న వాళ్ళ ప్రాణాలకే ముప్పు. రెండు నెలలు పొయ్యి అంతంత మాత్రంగా వెలిగిన ఇళ్ళకు వేట తెరిచిన మొదటి రోజుల సంపాదనే ఆధారం. ఇంజను పోతే యజమాని ఒక్కడే నష్టపోడు. వాటా మీద పనిచేసే కళాసులందరూ పస్తే.

ఆ తరువాత షెడ్డు దగ్గర జరిగేది అందరూ ఎరిగినదే. 'ఆయిలు చూసుకోకుండా తోలావు' అంటాడు మెకానిక్కు. 'నీ దగ్గర నుంచి తెచ్చి నాలుగు రోజులు కాలేదు' అంటాడు యజమాని. ఇద్దరి దగ్గరా కాగితం వుండదు. చివరకు ఊరి పెద్దమనిషి ఒకరు కూర్చుని, సామాను ఖర్చు నీది, కూలి అతను వదులుకుంటాడు అని తేల్చేస్తారు. నిజంగా తప్పు ఎవరిదో ఎవరూ అడగరు. తప్పు చేయని మెకానిక్కు కూలి పోగొట్టుకున్న సందర్భాలూ ఇందులో వుంటాయి. తప్పు చేసిన షెడ్డు సగం దులుపుకుని బయటపడిన సందర్భాలు అంతకంటే ఎక్కువగా వుంటాయి.

నిజానికి తప్పు ఎవరిదో ఇంజనే చెబుతుంది. అడిగే పద్ధతి తెలియాలి, అడిగేదాకా దాన్ని విప్పకుండా వుంచాలి.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో క్రాంకు సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య వుండేది వెంట్రుకకన్నా పలుచని ఆయిలు పొర. ఆ పొర వున్నంతకాలం ఇనుము ఇనుమును తాకదు. పొర తెగిన నిమిషంలో 1500 రాపిళ్ళు. బేరింగు కరుగుతుంది, క్రాంకుకు అంటుకుంటుంది, రాడ్డు విరిగితే బ్లాకునే పొడుచుకుని బయటకు వస్తుంది. కొన్ని వందల రూపాయల పనిలో జరిగిన లోపం మొత్తం ఇంజను ఖర్చుకు వచ్చేది ఇలాగే.

షెడ్లలో జరిగే పొరపాట్లు కూడా కొత్తవేమీ కావు. ఆయిలు మార్చి కింద డ్రెయిను బోల్టును చేత్తో తిప్పి వదిలేయడం, పానా వేయడం మరచిపోవడం. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు అంటుకుని వుండిపోగా దానిమీదే కొత్తది బిగించడం. ఆయిలు మొత్తం ఆ సందులోంచే కారిపోతుంది. బేరింగు చిప్పకు వున్న ఆయిలు రంధ్రాన్ని బ్లాకు రంధ్రానికి ఎదురుగా పెట్టకపోవడం. హెడ్డు గ్యాస్కెట్టును తిరగేసి వేయడం, దానితో నీటి దారి మూసుకుపోయి హెడ్డు కాలిపోవడం. బోరు కొట్టించిన తరువాత ఇనుప రజను పోయేలా బ్లాకును కడగకుండానే పిస్టను దింపడం. రాడ్డు బోల్టులను టార్కు రెంచితో కాక చేతి అంచనాతో బిగించడం. టైమింగు గుర్తులు ఒక పన్ను తేడాతో కలపడం. గాలి గొట్టానికి అడ్డంగా కుక్కిన గుడ్డను తీయకుండానే బిగించేయడం కూడా వుంది. వినడానికి నవ్వులాటగా వుంటుంది గాని, బోటు మీద వున్నవాడికి అది నవ్వులాట కాదు.

వీటిలో ప్రతిదానికీ ఆనవాలు మిగులుతుంది. ఆయిలు అందని బేరింగు నీలంగా, నల్లగా మాడి వుంటుంది. వదులైన డ్రెయిను బోల్టు కిందపడిపోయినా దారి పొడవునా ఆయిలు చారిక వుంటుంది. తిరగబడిన గ్యాస్కెట్టు మీద రంధ్రాల అచ్చులు కలవవు. అలాగే యజమాని చేసిన తప్పుకూ ఆనవాళ్ళు వుంటాయి. దుమ్ముతో గడ్డకట్టిన ఎయిర్ ఫిల్టరు, ఏళ్ళ తరబడి మార్చని ఆయిలు జిగురు, అన్ని సిలిండర్లలోనూ ఒకే తీరున అరుగుదల కనిపిస్తే ఆ ఇంజను వయసు మీరి పోయినట్టే. దానికి మెకానిక్కును పట్టుకుని ప్రయోజనం లేదు. ఆయిలు దీపం వెలిగినా, చప్పుడు మొదలైనా 'ఈ చాలు అయిపోనీ' అని తోలినవాడు కూడా నష్టంలో కొంత తన నెత్తిన వేసుకోక తప్పదు.

ఈ ఆనవాళ్ళు చెరిగిపోయేది ఎప్పుడంటే, పాడైన ఇంజనును తిరిగి అదే షెడ్డుకు తోలుకువెళ్ళి, 'విప్పి చూడండి' అని అప్పగించి, యజమాని టీ తాగడానికి పోయిన అరగంటలో. మెకానిక్కు దురుద్దేశంతోనే చేస్తాడని కాదు. విప్పినవాడు తుడుస్తాడు, కడుగుతాడు, పాత సామాను తుక్కు డబ్బాలో వేస్తాడు. అది అతని రోజువారీ పని. ఆ తరువాత ఎంత పెద్ద కోర్టుకు పోయినా చూపించడానికి ఏమీ వుండదు.

కాబట్టి చప్పుడు వినపడగానే ఇంజను ఆపాలి. మళ్ళీ తిప్పి చూడకూడదు. 'ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం' అనే మాట బాగయ్యే ఇంజన్లను కూడా తినేస్తుంది. ఇంజను వున్నది వున్నట్టుగా ఫోనులో ఫొటోలు తీయాలి. ఆయిలు కొలత పుల్ల తీసి గీత ఎక్కడ వుందో, బోల్టులు ఎలా వున్నాయో, కింద ఏమి కారిందో అన్నీ కనపడేలా తీయాలి. సంపులో మిగిలిన ఆయిలు కొంత శుభ్రమైన సీసాలో పట్టి తేదీ రాసి పెట్టుకోవాలి. బాగు చేసిన షెడ్డుకు అప్పుడే కబురు చేయాలి. ఇంజను విప్పేది ఆ మెకానిక్కూ, పనితెలిసిన ఇంకొకరూ, ఇద్దరు సాక్షులూ వుండగా. విప్పుతున్నంతసేపూ ఎవరో ఒకరు వీడియో తీయాలి. పాడైన ప్రతి ముక్కనూ యజమానే సంచిలో వేసుకుని తీసుకుపోవాలి. పనికిరాని ఇనుప ముక్కలని వాటిని షెడ్డులో వదిలి వచ్చేవాళ్ళే ఎక్కువ. తగాదాలో వాటికి మించిన సాక్ష్యం లేదు.

ఆ మెకానిక్కు రాను అంటే? అతనికి ఒక ఉత్తరం రాసి, అందినట్టు సంతకం వచ్చేలా స్పీడు పోస్టులో పంపాలి. ఫలానా రోజు ఫలానా చోట విప్పుతున్నామని, రమ్మని రాస్తే చాలు. తిట్లు అక్కరలేదు. ఉత్తరంలో తిట్లు రాసుకుని ఎదుటివాడికి పట్టు ఇచ్చినవాళ్ళు వుంటారు.

ఇదంతా ఇంజను పోయిన తరువాత మాట. పోకముందు చేయవలసినది ఒక్కటే, చీటీ తీసుకోవడం. ఇంజను అప్పగించిన తేదీ, దాని నంబరు, ఏమి బాగు చేయమన్నారు, ఏ సామాను ఎవరు తెచ్చారు, ఎంత తీసుకున్నారు, ఎన్నాళ్ళు హామీ. ఆరు వరుసలు. పచారీ కొట్టులో కిలో కందిపప్పుకు చీటీ అడిగే ఇంటిలో కూడా వేల రూపాయల ఇంజను పనికి చీటీ అడగరు. అడిగితే మెకానిక్కు నొచ్చుకుంటాడని మొహమాటం. 'మా నాన్న రోజుల నుంచి ఆ షెడ్డుకే వెళ్తున్నాం' అంటారు. నమ్మకం మంచిదే. కాని, ఇంజను పోయిన రోజున ఇద్దరి జ్ఞాపకాలూ చెరొక దారి పడతాయి.

మెకానిక్కుల వైపు కూడా మాట వుంది. చీటీ అంటే తమ మెడకు ఉచ్చు అని చాలామంది భయం. అది తప్పు. క్రాంకు గ్రైండింగు చేయించాలని మెకానిక్కు చెబితే 'ఈ సీజనుకు లాగించెయ్' అనే యజమాని ఎంతమంది లేరు? బజారులో చవకగా దొరికిన బేరింగులు, పేరు తెలియని పిస్టను తనే తెచ్చి 'ఇవే వెయ్యి' అనేవాడూ వున్నాడు. ఆ మాట చీటీలో రాసి యజమాని చేత సంతకం పెట్టించుకుంటే రేపు మెకానిక్కును కాపాడేది ఆ కాగితమే. బేరమాడి కూలి తగ్గించి, రేపు పొద్దుటికల్లా కావాలని రాత్రంతా షెడ్డు ముందు కూర్చునే యజమానులు కూడా పొరపాటులో భాగస్వాములే. నిద్రలేని చేతితో బిగించిన బోల్టు ఎలా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఈ పని నేర్చినవాళ్ళలో చాలామంది చిన్నతనంలోనే షెడ్డులో పానాలు అందిస్తూ నేర్చినవాళ్ళు. చప్పుడు విని జబ్బు చెప్పగల నేర్పు వాళ్ళది. కొలత పరికరం కొనే స్తోమత లేనిది కూడా వాళ్ళకే.

ఇక చట్టం సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఒక మాట చెప్పింది. తన చేతికి అప్పగించిన వస్తువును, మామూలు బుద్ధిగలవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. ఇంజను షెడ్డులో వుండగానే పాడైతే జాగ్రత్త పడ్డానని చూపించుకోవలసినవాడు మెకానిక్కే. బయటకు వచ్చాక పాడైతే, అది షెడ్డు లోపమేనని చూపించవలసినవాడు యజమాని. అదే చట్టం మెకానిక్కుకు కూడా ఒక హక్కు ఇచ్చింది. చేసిన పనికి రావలసిన కూలి అందేవరకు ఆ వస్తువును తన దగ్గర వుంచుకోవచ్చు. కనుక తగాదా వుందని షెడ్డు మీదికి మనుషులను వేసుకుని వెళ్ళి ఇంజను ఎత్తుకు రావడం చెల్లదు. అవసరం తోసుకొస్తే డబ్బు కట్టి, బిల్లు మీద 'అభ్యంతరంతో చెల్లించడమైనది' అని రాసి తెచ్చుకోవాలి. పోలీసు స్టేషనుకు పోయినా, మోసమేదీ కనపడకపోతే సివిల్ తగాదా అని పంపేస్తారు. వాహన బీమా వుందిగదా అనుకునేవాళ్ళు కూడా పాలసీ చదువుకోవాలి. ప్రమాదం లేకుండా యంత్రం దానంతట అది చెడిపోతే మామూలు వాహన బీమా వర్తించదు.

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో వున్నది. డబ్బు తీసుకుని చేసే మరమ్మతు ఆ చట్టం ప్రకారం సేవ, అందులో లోపం వుంటే నష్టపరిహారం అడగవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఇక్కడ లెక్కకు వచ్చేది మరమ్మతుకు ఇచ్చిన డబ్బే గాని అడిగే పరిహారం కాదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు. పాత చట్టంలో ఎదుటివాడు వున్నచోటనో, తగాదా పుట్టినచోటనో వేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఇంజనును బెజవాడ ఆటోనగరులో బాగు చేయించిన కోడూరు రైతు బందరులోని జిల్లా కమిషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చునన్న మాట. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు, చాలా తగాదాలు అక్కడ తేలకపోయినా నమోదు అవుతాయి.

అయితే ఒక అడ్డు వుంది, దానిమీదే చాలా కేసులు పోతాయి. వ్యాపారం కోసం తీసుకున్న సేవ అయితే ఈ చట్టం వర్తించదు. మరి బోటు వ్యాపారం కాదా, ట్రాక్టరు వ్యాపారం కాదా అని షెడ్డు తరఫు వకీలు అడుగుతాడు. దీనికి సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో దారి చూపింది. తన జీవనోపాధి కోసం ఆటోనో, లారీనో, లేతునో తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. పూర్తిగా ఇతరుల చేత నడిపించి లాభం తీసేవాడికి మాత్రం ఆ హక్కు లేదు. తన పొలం తానే దున్నుకునే రైతుకూ, తన బోటులో తానే వేటకు పోయే మత్స్యకారుడికీ ఇది అండ. జీతానికి డ్రైవర్లను పెట్టి నాలుగు కోత యంత్రాలు తిప్పేవారు సివిల్ కోర్టు చూసుకోవలసిందే. ఫిర్యాదులో 'ఇది నా జీవనాధారం, నేనే నడుపుకుంటాను' అన్న మాట రాయడం మరచిపోయి ఓడిపోవడం అన్యాయంగా వుంటుంది.

నష్టం లెక్కలో కూడా జాగ్రత్త అవసరం. మళ్ళీ బాగు చేయించిన బిల్లు, దమ్ముకు తెచ్చుకున్న బాడుగ ట్రాక్టరు రసీదు, అంతకు ముందు వేటల అమ్మకపు చీటీలు, ఇవన్నీ వుంటేనే పోయిన రాబడి లెక్క తేలుతుంది. ఇంజనును మూడు నెలలు అలాగే వదిలేసి మూడు నెలల రాబడీ ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా నష్టపోయినవాడి బాధ్యతే.

ఇంతా చేసి, ఇంజనులో లోపం ఏమిటో కమిషను ముందు చెప్పేది ఎవరు? అసలు చిక్కు ఇదే. యజమాని తరఫున ఒక మెకానిక్కు రాసి ఇస్తే, ఎదుటివాడి తరఫున ఇంకొక మెకానిక్కు రాసి ఇస్తాడు. పైగా ఒకే ఊళ్ళో పనిచేసుకునే వాళ్ళు తోటివాడి మీద రాయడానికి వెనకాడతారు. ఇది సహజం. గుడివాడకూ బందరుకూ నడుమ గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్కు వుంది, ఇంజనీరింగు కళాశాల వుంది. బందరులో 1910లోనే కోపల్లె హనుమంతరావు ప్రభృతులు జాతీయ కళాశాలను స్థాపించి చదువుతో పాటు చేతిపనులను కూడా నేర్పించారు. అలాంటి గడ్డ మీద పాడైన ఇంజనును పరీక్షించి, ఎవరి పక్షమూ కాకుండా రెండు పేజీల నివేదిక ఇచ్చే ఏర్పాటు లేకపోవడం విచిత్రం. కళాశాలల యంత్ర విభాగాల నుంచి కొందరు అధ్యాపకుల పేర్లను జిల్లా కమిషను, న్యాయసేవాధికార సంస్థ ముందుగానే నిర్ణయించి, నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించవచ్చు. విద్యార్థులకు కూడా అంతకంటే మంచి పాఠం దొరకదు.

రెండవ పని మెకానిక్కుల సంఘాలది. అచ్చువేసిన చీటీ పుస్తకాన్ని సంఘమే ఇవ్వాలి, కార్బను పెట్టి రెండు ప్రతులు రాసేటట్టు. అందరూ ఒకేసారి మొదలుపెడితే ఏ ఒక్క షెడ్డుకూ మొహమాటం వుండదు. రెండు మూడు షెడ్లు కలిసి ఒక టార్కు రెంచిని కొనుక్కుని వంతులవారీగా వాడుకున్నా తప్పు లేదు. ప్రాథమిక సహకార సంఘాలు, మత్స్యకార సహకార సంఘాలు కూడా ఇందుకు కొంత అప్పు ఇవ్వగలవేమో ఆలోచించాలి.

మూడవది అధికారులది. నాగాయలంకలోని మత్స్యకారుడు బందరు కమిషనుకు వచ్చిపోవాలంటే ఒక రోజు వేట పోతుంది. ఆన్‌లైనులో ఈ-జాగృతి ద్వారా ఫిర్యాదు ఇచ్చే వీలు వున్నదన్న మాట నిజమే గాని, ఆ దరఖాస్తు నింపిపెట్టే మనిషి ఊళ్ళో వుండాలి. అవనిగడ్డలో, గుడివాడలో కోర్టులు వున్నాయి, న్యాయసేవా సంఘాలు వున్నాయి. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీకి వున్నంత విలువ వుంటుంది. షెడ్డు యజమానికీ బోటు యజమానికీ మధ్య తగాదా చాలావరకు అక్కడే తెగిపోదగినది. రేపటి రోజున మళ్ళీ ఒకరి అవసరం ఒకరికి పడేవాళ్ళే కదా.

వేట నిషేధం రోజుల్లో మత్స్యశాఖ సిబ్బంది బోట్లను తనిఖీ చేయడానికి రేవులకు వెళుతూనే వుంటారు. ఆ వచ్చినప్పుడే న్యాయసేవా సంఘం వారిని, మెకానిక్కుల సంఘం వారిని వెంటబెట్టుకుని గిలకలదిండిలో ఒక పూట, నాగాయలంకలో ఒక పూట కూర్చోవాలి. జూన్ 14 లోపల, ఇంజన్లు ఇంకా షెడ్లలో వుండగానే ఈ పని జరగాలి.